మహాధమని–పేగు ఫిస్టులా: కత్తి పట్టే ముందు జాగ్రత్తలు

• గతంలో మహాధమనికి గ్రాఫ్ట్ (కృత్రిమ రక్తనాళం) వేసిన రోగికి రక్తవాంతి గానీ నల్లటి విరేచనం గానీ అయితే, మరో కారణం రుజువయ్యేదాకా ఫిస్టులానే, అంటే మహాధమనికీ పేగుకూ మధ్య ఏర్పడే అసహజ దారినే, అనుమానించాలి. తొలి రక్తస్రావం చాలాసార్లు తనంతట తానే ఆగుతుంది. ఆ విరామాన్ని నమ్మకండి, వాడుకోండి.

• పరిస్థితి నిలకడగా ఉంటే వెంటనే సీటీ యాంజియోగ్రామ్ (రక్తనాళాలను చూపే స్కాన్) తీయించాలి. ఎండోస్కోపీలో ఏమీ కనిపించకపోయినా జబ్బు లేదని కాదు. గడ్డకట్టిన రక్తాన్ని కదిలించవద్దు.

• రక్తం సిద్ధంగా ఉండాలి. స్పృహ నిలిచినంతవరకు రక్తపోటును బలవంతంగా పెంచవద్దు.

• కల్చర్‌కు (సూక్ష్మజీవులను గుర్తించే పరీక్షకు) రక్తం తీసి, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టాలి.

• అన్నింటికన్నా ముఖ్యం: డుయోడినాన్ని (చిన్నపేగు మొదటి భాగాన్ని) విడదీయకముందే, పైభాగంలో మహాధమని మన అదుపులో ఉండాలి. బయటి నుంచి బిగించే క్లాంపో, లోపలి నుంచి అడ్డుకునే బెలూనో, ముందే తేల్చుకోండి.

• స్టెంట్ గ్రాఫ్ట్ (రక్తనాళం లోపలి నుంచి అమర్చే గొట్టం) రక్తాన్ని ఆపుతుంది, ఇన్ఫెక్షన్‌ను కాదు.

• పాత గ్రాఫ్ట్ తీసేస్తే కాళ్లకు రక్తం ఏ దారిన వెళ్తుంది? తొడ సిరతో వేసే కొత్త నాళంతోనా, చంక నుంచి బైపాస్‌తోనా?

• ప్రాణాపాయాన్ని కుటుంబానికి దాచకుండా చెప్పాలి.