పండక్కి చుట్టాలు దిగేలోపే ఓవెన్ కట్టేయండి

క్రిస్మస్‌కు ఇంటి నిండా చుట్టాలొస్తున్నారు, ఈసారి కేకు ఇంట్లోనే చేద్దాం అనుకునే వాళ్ళకు ముందుగా చెప్పేది ఒకటే, పండగ రోజు బేకింగ్ పెట్టుకోవద్దు. 24వ తేదీ సాయంత్రానికి ఓవెన్ చల్లారిపోయి, చేసినవన్నీ డబ్బాల్లోకి చేరిపోవాలి. అర్ధరాత్రి ఆరాధన ముగించుకొని పదిహేను మంది ఒకేసారి ఇంటికొచ్చి కాఫీ అడిగినప్పుడు మీరు వాళ్ళ మధ్య కూర్చొని ఉండాలి గానీ వంటింట్లో టైమర్ చూసుకుంటూ నిలబడకూడదు. అందుకే ఏం చేయాలో తేల్చుకునేటప్పుడు "ఏది బాగుంటుంది" అని కాదు, "ఏది రెండో రోజుకు, మూడో రోజుకు ఇంకా బాగుంటుంది" అని ఆలోచించండి. అలా చూస్తే క్రీమ్ కేకులు, పఫ్‌లు పక్కకు పోతాయి, వాటికి బేకరీలు ఉన్నాయి కదా. మిగిలేవి ప్లమ్ కేకు, శనక్కాయ బిస్కెట్లు, గుడ్డు తినని వాళ్ళకోసం ఒక రవ్వ కేకు. అనంతపురంలో ఈ మూడింటికీ కావలసిన సరుకులన్నీ దొరుకుతాయి, దేనికీ బెంగళూరు దాకా చెప్పి పంపాల్సిన పని లేదు.

ముందు ప్లమ్ కేకు. 20వ తేదీన ఎండుద్రాక్ష, నల్ల ఎండుద్రాక్ష, ఖర్జూరం, టూటీ ఫ్రూటీ, చెర్రీలు అన్నీ కలిపి 300 గ్రాములు తీసుకొని సన్నగా తరగండి. రమ్ వాడని ఇల్లయితే కమలాపండ్ల రసం ఒక కప్పు పోసి, సన్న మంట మీద ఐదు నిమిషాలు ఉడకనిచ్చి, చల్లారాక మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, ఒక్క రాత్రికే ముక్కలు రసం పీల్చుకొని ఉబ్బుతాయి. చీనీకాయలు, అంటే బత్తాయిలు, మన దగ్గర బోలెడు ఉన్నాయి కదా, ఆ రసమే పోద్దామనిపిస్తుంది, కానీ వద్దు. చీనీ రసం నిలవుంటే చేదెక్కుతుంది. చీనీకాయ తొక్కను మాత్రం తప్పకుండా వాడండి, పైన ఉండే పచ్చటి పొరను సన్నగా తురిమి పిండిలో కలిపితే ఆ వాసనే వేరు, లోపలి తెల్ల భాగం తగలకుండా చూసుకోవాలి, అది చేదు.

కేకుకు ఆ నల్లటి రంగు, కొంచెం చిరుచేదు కలిసిన తీపి వచ్చేది చక్కెరను మాడ్చిన పాకం వల్ల. ఇక్కడ తొందరపడితే కేకంతా పాడవుతుంది కాబట్టి ఆ పది నిమిషాలు ఫోను పక్కన పెట్టండి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో 75 గ్రాముల చక్కెర, ఒక స్పూను నీళ్ళు వేసి సన్న మంట మీద పెట్టండి, గరిటెతో తిప్పకుండా గిన్నెనే అటూ ఇటూ వంచుతూ ఉండండి. ముందు అంచుల్లో తేనె రంగు వస్తుంది, తర్వాత మధ్యలోకి పాకుతుంది, ఇంకాసేపటికి ఎర్రబడి చిన్న చిన్న నురుగు లేస్తుంది, సన్నగా పొగ మొదలవుతుంది. చిక్కటి టీ డికాక్షన్ రంగు వచ్చిన క్షణంలో స్టవ్ ఆపి, పక్కనే వేడి చేసి ఉంచుకున్న 80 మిల్లీలీటర్ల నీళ్ళు కొంచెం కొంచెంగా పోయండి. చన్నీళ్ళు పోస్తే పాకం చిట్లి చేతుల మీద పడుతుంది, వేడినీళ్ళకు కూడా బుస్సుమని ఆవిరి లేస్తుంది, అందుకని మొహం దూరంగా పెట్టుకోండి, పిల్లల్ని వంటింట్లోంచి పంపేయండి. ఆ రంగు దాటి నల్లగా మాడిందంటే పారేసి మళ్ళీ చేయడమే మేలు, 75 గ్రాముల చక్కెర కోసం కేకంతా చేదు చేసుకోవడం ఎందుకు.

మిగతాది తేలిక. ఉప్పు లేని వెన్న 200 గ్రాములు మెత్తబడ్డాక 150 గ్రాముల చక్కెర పొడితో కలిపి తెల్లగా, తేలిగ్గా అయ్యేదాకా గిలకొట్టండి. నాలుగు గుడ్లు ఒక్కొక్కటిగా వేస్తూ కలపండి. గుడ్లు ఫ్రిజ్‌లోంచి గంట ముందే తీసి బయట పెట్టాలి, చల్లటి గుడ్డు పడితే వెన్న విరిగినట్టు అవుతుంది, అలా అయినా కంగారు లేదు, ఒక స్పూను మైదా వేస్తే కలిసిపోతుంది. చల్లారిన పాకం, చీనీ తొక్క తురుము, దాల్చినచెక్క, లవంగాలు, యాలకులు, శొంఠి కలిపి కొట్టిన పొడి ఒక టీస్పూను వేయండి. 200 గ్రాముల మైదాలో ఒక టీస్పూను బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు వేసి జల్లించి, గరిటెతో నెమ్మదిగా కలపండి, ఇక్కడ ఎక్కువ తిప్పితే కేకు సాగుతుంది. ఫ్రిజ్‌లో నానిన పండ్లను వడగట్టి రెండు స్పూన్ల మైదాలో దొర్లించి వేస్తే అడుక్కి దిగిపోకుండా నిలబడతాయి. జీడిపప్పు, బాదం ముక్కలు గుప్పెడు. 8 అంగుళాల టిన్నులో బటర్ పేపర్ పరిచి, 160 డిగ్రీల్లో గంట నుంచి గంటంపావు. పైన ముందే ఎర్రబడితే అల్యూమినియం ఫాయిల్ కప్పండి. టూత్‌పిక్ గుచ్చి తీస్తే పచ్చి పిండి అంటకూడదు.

పూర్తిగా చల్లారాక బటర్ పేపర్‌లో చుట్టి, దానిమీద ఫాయిల్ చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించండి, ఇక పండగ దాకా తెరవొద్దు. 21న చేసిన కేకు 25 నాటికి మసాలా వాసన అంతా లోపలికి పట్టి, కోస్తే పొడిపొడి కాకుండా నీటుగా ముక్క వస్తుంది. వేడి మీదే ఒక ముక్క ఇమ్మని ఇంట్లో అందరూ వెంటపడతారు. వాళ్ళకోసం కొంచెం పిండి చిన్న గిన్నెలో విడిగా పెట్టి కాల్చండి, పెద్ద కేకు జోలికి రారు.

ఓటీజీ, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్, కొత్తగా కొన్న వాళ్ళు ప్లగ్గు సంగతి చూసుకోండి. మామూలు సైజు ఓటీజీ కూడా 1500 వాట్లు, ఆపైన లాగుతుంది, 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గుకు పెట్టకూడదు, గీజరుకు వాడే 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గే కావాలి. ఇన్వర్టరు మీద నడపొద్దు. పిండి కలపడం మొదలుపెట్టే ముందే కరెంటు పోయే టైము ఏదైనా ఉందేమో పక్కింటి వాళ్ళను అడగండి, ఎందుకంటే సగం ఉడికిన కేకు మధ్యలో ఆగితే కుంగిపోతుంది, మళ్ళీ లేవదు. ఓవెన్ లేని వాళ్ళు పెద్ద కుక్కరు వాడొచ్చు. విజిల్, రబ్బరు రింగు తీసేసి, నీళ్ళు పోయకుండా, అడుగున రెండు గ్లాసుల రాళ్ళుప్పు పరిచి, స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు వేడి చేశాక టిన్ను దించి మంట బాగా తగ్గించండి. 8 అంగుళాల టిన్ను అందులో పట్టదు, అదే పిండిని రెండు 6 అంగుళాల టిన్నుల్లో పోసి ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకోవాలి. రెండోది ఆగినంత మాత్రాన నష్టం లేదు, బేకింగ్ పౌడర్‌కు వేడి తగిలాకే ఎక్కువ పని.

వంట సోడా అలా కాదు, పుల్లటిది తగలగానే పొంగడం మొదలుపెడుతుంది, అందుకని రవ్వ కేకులో సోడా ఆఖరున వేసి వెంటనే లోపల పెట్టేయాలి. బొంబాయి రవ్వ ఒక కప్పు, పెరుగు ఒక కప్పు, చక్కెర ముప్పావు కప్పు, నూనె పావు కప్పు కలిపి 20 నిమిషాలు నాననివ్వండి. తర్వాత అర టీస్పూను బేకింగ్ పౌడర్, పావు టీస్పూను సోడా కలిపి 180 డిగ్రీల్లో 35 నిమిషాలు. ఇది 23న చేసుకుంటే సరిపోతుంది. గుడ్డు ముట్టని పెద్దమ్మ ఉంటే ఆమె అడక్కముందే "ఇది వేరే గిన్నెలో కలిపింది పెద్దమ్మా, కోసిన చాకు కూడా వేరే" అని చెప్పండి. అలా చెప్తేనే ఆమె మనసారా తింటుంది.

బిస్కెట్లకు వేయించి పొట్టు తీసిన శనక్కాయ విత్తనాలు 100 గ్రాములు తీసుకోండి. మిక్సీని ఆపి ఆపి తిప్పాలి, ఏకబిగిన తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది. 150 గ్రాముల మైదా, 100 గ్రాముల చక్కెర పొడి, 100 గ్రాముల పేరిన నెయ్యి, అర టీస్పూను బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు. మైదాలో సగం రాగిపిండి వేసుకుంటే నాకైతే ఇంకా ఇష్టం, మొత్తం రాగిపిండి అయితే మాత్రం విరిగిపోతాయి. ముద్ద కాకపోతే ఒక స్పూను పాలు. 170 డిగ్రీల్లో 15 నిమిషాలు, తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, చల్లారాక గట్టిపడతాయి, మెత్తగా ఉన్నాయని మళ్ళీ లోపల పెట్టకండి.

ఇక పండగ పొద్దున టిఫిన్‌కు దోసెలు పెట్టుకుంటే మీరు పెనం ముందే ఉండిపోతారు. ఉగ్గాని చేయండి. బొరుగులు (మరమరాలు) తడిపి నీళ్ళు పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమోటా తాలింపులో వేసి, పైన పప్పుల పొడి చల్లితే ఇరవై మందికైనా ఒక్క బాణలిలో అయిపోతుంది, బజ్జీల పని ఎవరైనా మరిదికి అప్పగించండి. మధ్యాహ్నానికి సంగటి, నాటుకోడి పులుసు, చిత్రాన్నం. నిప్పట్లు, కర్జికాయల్లాంటి పిండివంటలు మీరు చేయొద్దు, "వదినా, నీ చేతి నిప్పట్లు తెస్తేనే పండగ" అని వారం ముందే ఫోన్ చేస్తే ధర్మవరం నుంచో తాడిపత్రి నుంచో డబ్బాడు దిగుతాయి, ఆమెకూ సంతోషమే. షుగరున్న మామయ్యకు వేరే కేకు చేయాల్సిన పని లేదు, సన్నటి ముక్క ఒకటి ఇచ్చి ఊరుకోండి, ఇంకోటి తినమని బలవంతం చేయకండి. చీనీ రసం అప్పటికప్పుడు పిండి ఇవ్వండి.

దుప్పట్లు, పరుపులు రెండు రోజుల ముందే ఎండలో వేయండి, డిసెంబరులో తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది. అవ్వకు బాత్‌రూమ్ దగ్గరి మంచం, రాత్రి రైలుకు వచ్చేవాళ్ళకు తలుపు పక్కన చోటు.

వెళ్ళేవాళ్ళకు ఇచ్చే పొట్లాల కోసం కేకులో నాలుగో వంతు మొదటే కోసి పక్కన పెట్టండి, లేకపోతే 26 సాయంత్రానికి పొడి కూడా మిగలదు. ముక్కలు ఒక్కొక్కటీ బటర్ పేపర్‌లో చుట్టండి, బిస్కెట్లు వేరే డబ్బాలో పెట్టండి, రెండూ ఒకే డబ్బాలో పెడితే కేకు తేమకు బిస్కెట్లు మెత్తబడతాయి. చలికాలంలో ఈ కేకు వారం దాకా బయటే ఉంటుంది, ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టుకోమని చెప్పి పంపండి.