ఫారం నింపేలోపే లాగౌట్ అయిపోతోందా?

యూజర్ అరగంట కూర్చుని పెద్ద ఫారం నింపాడు. సబ్మిట్ నొక్కగానే లాగిన్ పేజీ ప్రత్యక్షం. నింపిందంతా గల్లంతు. సైట్ పీహెచ్‌పీ అనే సర్వర్ భాషలో ఉందనుకుందాం. టైమౌట్ పెంచే ముందు, ఎంతసేపటికి లాగిన్ పోతోందో గమనించండి. అసలు కారణం అక్కడే దొరుకుతుంది.

24 నిమిషాలు దాటాక పోతుంటే

పీహెచ్‌పీ డిఫాల్ట్‌గా సెషన్ డేటాకి (లాగిన్ అయింది ఎవరో సర్వర్ గుర్తుపెట్టుకునే సమాచారానికి) ఇచ్చే ఆయుష్షు 1440 సెకన్లు. అంటే సరిగ్గా 24 నిమిషాలు. మనిషి టకటకా టైప్ చేస్తూనే ఉన్నా సర్వర్‌కి రిక్వెస్ట్ వెళ్లకపోతే ఆ సెషన్‌ని ఎవరూ వాడనట్టే లెక్క. చాలామంది కుకీ (సెషన్‌ని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో ఉండే చీటీ) గడువు పెంచి ఊరుకుంటారు. సర్వర్‌లో డేటా చెరిగిపోయాక కుకీ ఉండి ఏం లాభం? పెంచాల్సింది సర్వర్‌లో డేటా గడువు చెప్పే సెట్టింగ్ 'జీసీ మ్యాక్స్ లైఫ్‌టైమ్' (session.gc_maxlifetime).

దానికంటే మంచి మార్గం, ఐదు నిమిషాలకోసారి బ్రౌజర్ నుంచి చిన్న రిక్వెస్ట్ పంపడం. అదీ ఆ మధ్యలో కీబోర్డు కదిలితేనే. లేదంటే ఆఫీసులో వదిలేసిన సిస్టమ్ రాత్రంతా లాగిన్‌లోనే ఉంటుంది.

ఒకసారి అరగంటకి, ఒకసారి గంటకి పోతుంటే

సెషన్ డేటాని పీహెచ్‌పీ ఫైళ్లలో దాస్తుంది, గడువు తీరిన ఫైళ్లను వెంటనే తీసెయ్యదు. డిఫాల్ట్‌గా సెషన్ మొదలైన ప్రతిసారీ నూటికి ఒక వంతు అవకాశంతో ఆ శుభ్రత జరుగుతుంది. డెబియన్, ఉబుంటు లినక్స్ సర్వర్లలో మాత్రం ఆ పని అరగంటకోసారి నడిచే స్క్రిప్టుది. అది కాన్ఫిగ్ ఫైల్‌నే (php.ini) చదువుతుంది, కాబట్టి కోడ్‌లో మీరు రాసిన గడువు దాని కంటపడదు. గడువును కాన్ఫిగ్ ఫైల్‌లోనే మార్చండి.

ఒకే సెషన్ ఫోల్డర్‌ని రెండు సైట్లు వాడుతుంటే ఇంకో తంటా: తక్కువ గడువున్న సైట్ రెండోదాని ఫైళ్లనూ ఊడ్చేస్తుంది. ఫోల్డర్లు వేరు చేయండి. కొత్త ఫోల్డర్‌ని శుభ్రం చేసేదెవరో కూడా చూసుకోండి.

లాగిన్ అయిన నిమిషంలోనే పోతుంటే

ఇది టైమౌట్ కాకపోవచ్చు. లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్టులను సర్వర్లకు పంచేది) వెనక రెండు సర్వర్లుండి, సెషన్ ఫైల్ ఒకదాంట్లోనే ఉందేమో చూడండి. సెషన్లను రెండు సర్వర్లూ చూడగలిగే రెడిస్ అనే డేటా స్టోర్‌లో పెడితే సరి.

బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేకపోతే

బ్రౌజర్ కన్సోల్ తెరిస్తే జేసన్ (డేటా పంపే ఫార్మాట్) పార్స్ ఎర్రర్ కనిపిస్తుంది. సర్వర్ 302తో (వేరే పేజీకి మళ్లించే కోడ్) లాగిన్ పేజీకి పంపింది, 'ఫెచ్' (పేజీ మారకుండా రిక్వెస్ట్ పంపే జావాస్క్రిప్ట్ ఫంక్షన్) గుట్టుచప్పుడు కాకుండా అక్కడికి వెళ్లి హెచ్‌టీఎంఎల్ తెచ్చింది, స్టేటస్ మాత్రం 200, అంటే అంతా బాగానే ఉందని. ఇలా కోడ్ నుంచి వచ్చే ఏపీఐ రిక్వెస్టులకు రీడైరెక్ట్ మాని 401 (లాగిన్ కావాలని చెప్పే కోడ్) ఇవ్వండి. అది రాగానే ఫారం మీదే లాగిన్ పాపప్ చూపండి. మళ్లీ లాగిన్ అయ్యాక ఫారంలోని పాత సీఎస్ఆర్ఎఫ్ టోకెన్‌ని (ఫారం మన సైట్ నుంచే వచ్చిందని రుజువు చేసే రహస్య కోడ్) మార్చకపోతే సబ్మిట్ మళ్లీ తిరిగొస్తుంది.