లైవ్ యూఎస్‌బీ లినక్స్‌ని 4 జీబీ ర్యామ్‌తో నెట్టుకురావడం ఎలా

విండోస్ లేవని లాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి ఉబుంటూనో మింటో (రెండూ లినక్స్ రకాలే) బూట్ చేస్తాం, కాసేపు బాగానే నడుస్తుంది, తర్వాత మౌస్ బిగుసుకుపోతుంది, బ్రౌజర్ దానంతటదే మూసుకుపోతుంది. పాత మెషీన్ కదా అని సరిపెట్టుకోకండి, సంగతి వేరే.

ఇలా ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపే లైవ్‌లో అసలు సిస్టమ్ అంతా స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే కుదించిన ఫైల్‌లో ఉంటుంది, దాన్ని చదవగలమే తప్ప మార్చలేం. మనం సేవ్ చేసేదంతా దాని మీద పరిచిన ఓవర్‌లే పొరలోకి, అంటే నేరుగా ర్యామ్‌లోకే పోతుంది. ఈ పొర మామూలుగా ర్యామ్‌లో సగం దాకా పెరుగుతుంది. డౌన్‌లోడ్స్‌లో పడ్డ సినిమా, ట్రాష్‌లో ఖాళీ చేయకుండా వదిలేసిన ఫైళ్లు, చివరికి ఫైర్‌ఫాక్స్ 'డిస్క్' క్యాష్ (మళ్లీ వాడుకోడానికి దాచుకునే పేజీల కాపీలు) కూడా ర్యామ్‌నే తింటాయి.

ముందు టెర్మినల్‌లో ఫ్రీ కమాండ్ కొట్టి 'అవైలబుల్' కాలమ్ చూడండి. 'ఫ్రీ' కాలమ్ తక్కువుందని టెన్షన్ వద్దు, కెర్నల్ (లినక్స్ మూల భాగం) తాను ర్యామ్‌లో పెట్టుకున్న క్యాష్‌ని అవసరమైనప్పుడు వదిలేస్తుంది. ఓవర్‌లే ఎంత నిండిందో డీఎఫ్ (df) కమాండ్ చెబుతుంది.

డౌన్‌లోడ్ ఫోల్డర్‌ని హార్డ్‌డిస్క్‌కో రెండో పెన్‌డ్రైవ్‌కో మార్చేయండి, సగం తలనొప్పి దీంతోనే పోతుంది. విండోస్ పార్టిషన్ రాయడానికి ఒప్పుకోకపోతే ఫాస్ట్ స్టార్టప్ (విండోస్ పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉండే సెట్టింగ్) వల్ల కావచ్చు, బలవంతంగా మౌంట్ చేయకండి. ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో about:config అని కొడితే వచ్చే సెట్టింగ్స్ పేజీలో డిస్క్ క్యాష్ ఆపేయండి. చోటు కలిసొస్తుందని లిబ్రేఆఫీస్ తీసేస్తుంటారు కొందరు, దండగ: ఓవర్‌లేలో తీసేసినట్టు గుర్తు పడుతుందంతే, స్క్వాష్‌ఎఫ్‌ఎస్‌లో ఫైల్ అలాగే ఉంటుంది. అప్‌గ్రేడ్ కొడితే ఇంకా ఘోరం, కొత్త ప్యాకేజీలన్నీ ర్యామ్‌లోనే చేరతాయి.

అయినా చాలకపోతే జీర్యామ్ పెట్టుకోండి, ఇది ర్యామ్‌లోనే కుదించి దాచే స్వాప్ (ర్యామ్ నిండితే వాడుకునే అదనపు చోటు). టెర్మినల్‌లో మోడ్‌ప్రోబ్ (modprobe) కమాండ్‌తో జీర్యామ్ మాడ్యూల్ ఎక్కించి, జీర్యామ్‌సీటీఎల్‌తో (zramctl) 2 జీబీ డివైస్ చేసి, దాని మీద ఎంకేస్వాప్ (mkswap), ఆ తర్వాత స్వాప్ఆన్ (swapon), అన్నీ సుడోతోనే, అంటే అడ్మిన్ హక్కులతోనే. ఫెడోరా అనే లినక్స్‌లో 33వ వెర్షన్ నుంచి ఇది ముందే ఉంటుంది. డిస్క్‌లో పాత లినక్స్ స్వాప్ పార్టిషన్ ఉంటే దాన్నీ వాడొచ్చు, కానీ ఆ లినక్స్ హైబర్నేట్‌లో (నడుస్తున్న పనిని డిస్క్‌లో దాచి ఆపిన స్థితిలో) ఉంటే ముట్టుకోవద్దు, అందులో దాచిన సెషన్ పోతుంది.

'టూర్యామ్' (toram) బూట్ ఆప్షన్ మాత్రం 4 జీబీవాళ్లకి కాదు, అది సిస్టమ్ ఇమేజ్ మొత్తాన్ని ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది. రోజూ లైవ్‌తోనే పనైతే పర్సిస్టెన్స్ (సేవ్ చేసినవి రీబూట్ తర్వాతా మిగిలే ఏర్పాటు) ఉన్న పెన్‌డ్రైవ్ చేసుకోండి, రాతలన్నీ అందులోకి పోతాయి, కాస్త నెమ్మదిగా.