బిట్‌కాయిన్ కరెంటు లెక్క: వాదనకు దిగేముందు మీరే కట్టుకోవడం ఎలా

బిట్‌కాయిన్ విషయంలో పర్యావరణవాదులకీ క్రిప్టో అభిమానులకీ మాటామాటా పెరిగితే రెండు అంకెలు బయటికొస్తాయి. "ఒక దేశం మొత్తం వాడేంత కరెంటు తాగేస్తోంది" అని ఒక పక్క, "అందులో సగానికి పైగా కాలుష్యం లేనిదే" అని ఇంకో పక్క. రెండూ పూర్తి అబద్ధాలు కావు. దేన్ని దేనితో భాగించారో మాత్రం ఎవరూ చెప్పరు. కాగితం, క్యాలిక్యులేటర్ ఉంటే పావుగంటలో మీరే తేల్చుకోవచ్చు.

ముందు కొలతలు. మన కరెంటు బిల్లులోని యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్. అలాంటివి వంద కోట్లయితే ఒక టెరావాట్ అవర్. విద్యుత్ శాఖ లెక్కల్లో దీన్నే బిలియన్ యూనిట్ అంటారు. ఒక గిగావాట్ లోడు ఏడాదంతా ఆగకుండా నడిస్తే 8.76 బిలియన్ యూనిట్లు ఖర్చవుతుంది. వార్తల్లో గిగావాట్‌కీ గిగావాట్ అవర్‌కీ తేడా తెలియకుండా రాసేస్తుంటారు. అలాంటి వార్త కనిపిస్తే దాని మీద ఇక లెక్క కట్టకండి.

ముందు కనీస అంచనా. బిట్‌కాయిన్ లావాదేవీలను బ్లాకులుగా, అంటే కట్టలుగా, చేర్చే హక్కు కోసం మైనర్లు మిషన్లతో పోటీపడి హాష్‌లనే లెక్కలు వేస్తుంటారు. గెలిచినవాళ్లకు కొత్త బిట్‌కాయిన్లు దక్కుతాయి. ఆ పోటీ ఎంత కష్టమో చెప్పే అంకే డిఫికల్టీ. దాన్ని ఏ బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లోనైనా (బ్లాకుల వివరాలు చూపే వెబ్‌సైట్) చూడొచ్చు. ట్రిలియన్లలో ఉన్న ఆ అంకెను 7.16తో గుణిస్తే నెట్‌వర్క్ మొత్తం సెకనుకు ఎన్ని ఎక్సాహాష్‌లు వేస్తోందో వస్తుంది. ఒక టెరాహాష్ అంటే లక్ష కోట్ల హాష్‌లు, ఒక ఎక్సాహాష్ అంటే పది లక్షల టెరాహాష్‌లు. 2024 నవంబరులో డిఫికల్టీ 100 ట్రిలియన్లు దాటింది, అంటే సుమారు 716 ఎక్సాహాష్‌లు. ఒక్కరోజు హాష్‌రేటు (సెకనుకు వేసే హాష్‌ల సంఖ్య) పట్టుకుని "మైనర్లు పారిపోయారు" అని రాసే పోస్టులు నమ్మొద్దు. బ్లాకులు దొరకడం లాటరీ లాంటిది కాబట్టి రోజువారీ అంకె ఊరికే ఊగుతుంది. డిఫికల్టీ మాత్రం 2,016 బ్లాకులకు ఒకసారి, అంటే దాదాపు రెండు వారాలకు, సర్దుకుంటుంది. లెక్కకు అదే మేలు.

తర్వాత మిషన్ల సామర్థ్యం. ఆంట్‌మైనర్ ఎస్‌21 అనే మైనింగ్ మిషన్ సెకనుకు 200 టెరాహాష్‌లు చేస్తూ 3,500 వాట్లు లాగుతుంది. భాగిస్తే టెరాహాష్‌కి 17.5 జూల్స్. పాత ఎస్‌19 ప్రో 110 టెరాహాష్‌లకు 3,250 వాట్లు, అంటే 29.5. అందరి దగ్గరా కొత్త మిషన్లే ఉన్నాయనుకుంటే 716 ఎక్సాహాష్‌లకు 12.5 గిగావాట్లు, ఏడాదికి 110 బిలియన్ యూనిట్లు. వాస్తవం దీనికన్నా పైనే ఉంటుంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం సర్వేలో 2024 మధ్యనాటి సామర్థ్యం సుమారు 28 జూల్స్‌గా తేలింది. అది పెట్టి చూస్తే 176 బిలియన్ యూనిట్లు. చల్లబరిచే ఫ్యాన్లు, ట్రాన్స్‌ఫార్మర్ నష్టాలు దీనికి అదనం.

గరిష్ఠ అంచనా డబ్బు వైపు నుంచి కట్టాలి. 2024 ఏప్రిల్ హాల్వింగ్ (మైనర్ల బహుమతి సగానికి తగ్గే మార్పు) తర్వాత బ్లాకుకు 3.125 బిట్‌కాయిన్లు, రోజుకు సుమారు 144 బ్లాకులు, మొత్తం 450 బిట్‌కాయిన్లు. ధర 60,000 డాలర్లు అనుకుంటే రోజుకు 2.7 కోట్ల డాలర్లు. యూనిట్ 5 సెంట్లకు దొరికితే ఆ డబ్బంతా కరెంటుకే పోసినా 54 కోట్ల యూనిట్లకు మించి కొనలేరు. ఏడాదికి 197 బిలియన్ యూనిట్లు. అంతకన్నా ఎక్కువ కాలిస్తే నష్టం కాబట్టి ఎక్కువ కాలం నడపరు. ధర రెట్టింపైతే ఈ హద్దూ రెట్టింపవుతుంది. అందుకే ధర పెరిగినప్పుడు పర్యావరణవాదులు కంగారుపడటంలో అర్థముంది.

అంటే 110కీ 197కీ మధ్య. ఒక్కో తెలుగు రాష్ట్రం ఏడాదికి 80 బిలియన్ యూనిట్ల స్థాయిలో వాడుతుంది. "ఒక దేశమంత" అనే మాట తప్పు కాదు, "అణువంత" అనేదే తప్పు.

ఇక అందరూ పంచుకునే ఆ "ఒక్క లావాదేవీకి" లెక్క. మధ్యస్థంగా 150 బిలియన్ యూనిట్లు తీసుకుంటే రోజుకు 41 కోట్ల యూనిట్లు. రోజుకు 4 లక్షల లావాదేవీలు అనుకుంటే ఒక్కోదానికి వెయ్యి యూనిట్లు పైమాటే. లెక్క సరిగ్గానే ఉంది, దాని నుంచి తీసే అర్థమే తప్పు. ఖాళీ బ్లాకుకైనా నిండు బ్లాకుకైనా పట్టే కరెంటు ఒకటే. సర్వీసు బస్సులో ఇంకొకరు ఎక్కినంత మాత్రాన డీజిల్ రెట్టింపు కాదు కదా! 2018లో నేచర్ క్లైమేట్ ఛేంజ్‌లో, బిట్‌కాయిన్ ఒక్కటే మూడు దశాబ్దాల్లోపు భూతాపాన్ని 2 డిగ్రీలు దాటించగలదన్న పత్రం వచ్చింది. లావాదేవీలు విపరీతంగా పెరుగుతాయన్న ఊహే దానికి పునాది. బిట్‌కాయిన్ సెకనుకు ఏడు లావాదేవీలకు మించి మోయలేదు. 2019లో అదే పత్రికలో ఖండన వచ్చింది. అయినా ఆ అంకె నేటికీ తిరుగుతూనే ఉంది, ఉద్యమానికి చెరుపు చేస్తూ.

అభిమానుల వైపు తప్పు "హరిత శాతం" దగ్గర జరుగుతుంది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన కేంబ్రిడ్జ్ నివేదిక మైనింగ్ కరెంటులో 52.4 శాతం సుస్థిరం అంది. ఆ అంకెను విడగొట్టండి: పునరుత్పాదకం 42.6, అణువిద్యుత్ 9.8. "సుస్థిర", "పునరుత్పాదక" అనే మాటలు ఒకదాని బదులు ఇంకొకటి వాడితే పది శాతం గాల్లోంచి పుట్టుకొస్తుంది. పైగా ఇది స్వచ్ఛందంగా జవాబిచ్చిన 49 కంపెనీల మాట, అందులోనూ అమెరికా వాటాయే ఎక్కువ. జవాబివ్వనివాళ్ల సంగతి అందులో లేదు. అదే నివేదికలో 138 బిలియన్ యూనిట్లకు 3.98 కోట్ల టన్నుల ఉద్గారాలని ఉంది. భాగిస్తే యూనిట్‌కు 0.29 కిలోలు. బొగ్గు కరెంటుకు యూనిట్‌కు సుమారు ఒక కిలో పడుతుంది కాబట్టి ఇది తక్కువే, కానీ సున్నా కాదు.

అయితే ప్రపంచ మొత్తం మీద కొట్టుకోవడం కన్నా ఒక ప్లాంటును పట్టుకుని చూడటమే ఉపయోగం. న్యూయార్క్ రాష్ట్రంలో సెనెకా సరస్సు ఒడ్డున, డ్రెస్డెన్‌లో ఉన్న గ్రీనిడ్జ్ ప్లాంటు చూడండి. బొగ్గుతో నడిచి 2011లో మూతపడింది, గ్యాస్‌కు మారి 2017లో తిరిగి తెరుచుకుంది, తర్వాత మైనింగ్ మొదలుపెట్టింది. ఇక్కడ "ఎలాగూ వృథా అయ్యే కరెంటు" అనే వాదన నిలవదు, ఎందుకంటే మిషన్లకోసమే గ్యాస్ మండించారు. 2022 జూన్‌లో రాష్ట్ర పర్యావరణ శాఖ, 2019 వాతావరణ చట్టం ఆధారంగా, గాలి కాలుష్య అనుమతి పొడిగించడానికి నిరాకరించింది. వ్యవహారం కోర్టుకెక్కింది. అదే ప్లాంటు విషయంలో నీటి అనుమతి వేసవిలో 108 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు, అంటే 42 సెల్సియస్, వేడినీరు వదలనిస్తుందని ప్రచారం జరిగింది. అది హద్దు మాత్రమే. గొట్టం దగ్గర థర్మామీటర్ చూపిన అంకె వేరు, సరస్సు మధ్యలో ఉన్న వేడి వేరు. ఏ అనుమతి పత్రం చదివినా ఈ మూడింటినీ విడివిడిగా రాసుకోండి.

టెక్సాస్‌లో తగాదా ఇంకో రకం. 2023 ఆగస్టు ఎండల్లో రయట్ అనే మైనింగ్ కంపెనీ మిషన్లు ఆపి 3.17 కోట్ల డాలర్ల క్రెడిట్లు పొందింది. గ్రిడ్‌ను కాపాడామని అభిమానులు, జనం సొమ్ముతో బాగుపడ్డారని విమర్శకులు. అంకెను చీల్చి చూస్తే సుమారు 2.42 కోట్లు ముందే చౌకగా కొనిపెట్టుకున్న కరెంటును తిరిగి అమ్మడం వల్ల వచ్చినవి, 74 లక్షలు మాత్రమే గ్రిడ్ అడిగితే ఆపే పథకాలవి. మొదటిది వ్యాపార లాభం, రెండోది సేవకు జీతం. ఇలాంటి వార్త ఎదురైతే ఈ రెండూ ఎంతెంతో అడగండి. ఆ తర్వాత ఏ గంటల్లో ఆపారో అడగండి: సాయంత్రం సోలార్ తగ్గే వేళలోనా, ఎండ మండే మధ్యాహ్నమా. ఆపిన గంటలు చెప్పకుండా ఏడాది సగటు చూపిస్తే ఆ కాగితాన్ని పక్కన పెట్టేయొచ్చు.

"కోడ్ మారిస్తే సరిపోదా?" అని అడిగేవాళ్లుంటారు. ఎథీరియం అనే మరో క్రిప్టో నెట్‌వర్క్ 2022 సెప్టెంబరు 15న మైనింగ్ వదిలి స్టేకింగ్‌కు (మిషన్ల పోటీ బదులు నాణేలు పూచీగా పెట్టి లావాదేవీలు ధ్రువీకరించే పద్ధతి) మారింది, కరెంటు వాడకం 99.9 శాతానికి పైగా పడిపోయింది. అదే ఏడాది గ్రీన్‌పీస్ వంటి సంస్థలు బిట్‌కాయిన్ కూడా మారాలని ప్రచారం మొదలుపెట్టాయి. అందుకు రిపుల్ అనే క్రిప్టో కంపెనీ సహవ్యవస్థాపకుడు క్రిస్ లార్సెన్ డబ్బిచ్చారని అభిమానులు ఎత్తిచూపుతారు. పోటీ నాణెంతో ఆయనకు సంబంధం ఉంది కాబట్టి ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినా డబ్బు ఎవరిచ్చినా పైన కట్టిన 110 నుంచి 197 లెక్క మారదు. ఎథీరియంలో అప్పటికే స్టేకింగ్ మార్పు ముందునుంచీ ప్రణాళికలో ఉంది. బిట్‌కాయిన్‌లో మిషన్ల మీద పెట్టుబడి పెట్టినవాళ్లు, నోడ్‌లు (లావాదేవీల చిట్టాను సరిచూసే కంప్యూటర్లు) నడిపేవాళ్లు ఒప్పుకోకపోతే కోడ్ మార్చినా బ్లాకుల గొలుసు రెండుగా చీలుతుంది, పాతది నడుస్తూనే ఉంటుంది.