ఏటిగట్టున దాచిన జియోక్యాష్‌ని వెతికి పట్టుకోవడం ఎలా

ఎవరో ఒక డబ్బా దాచి, అది ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలు ఆన్‌లైన్‌లో పెడతారు, మనం ఫోన్ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లాలి. జియోక్యాషింగ్ అంటే ఇంతే. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం పౌరులకిచ్చే జీపీఎస్ సిగ్నల్‌ని కావాలని చెడగొట్టడం ఆపేసిన వెంటనే, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్‌లో ఒక బకెట్ దాచడంతో ఈ ఆట మొదలైంది.

బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో ఆ డబ్బాకిచ్చిన డిఫికల్టీ, టెర్రెయిన్ రేటింగులు చూడండి. మొదటిది వెతకడానికి ఎంత కష్టమో, రెండోది అక్కడికి చేరడానికి ఎంత కష్టమో చెబుతుంది. రెండూ 1 నుంచి 5 దాకా ఉంటాయి, కొత్తవాళ్లు 2 దాటకపోతే మంచిది. పాత లాగ్‌లు, అంటే ఇంతకుముందు వెతికినవాళ్లు ఆన్‌లైన్‌లో రాసినవి కూడా చదవండి, వరసగా నలుగురు దొరకలేదని రాశారంటే డబ్బా వరదకి కొట్టుకుపోయి ఉండొచ్చు. పెన్ను మర్చిపోవద్దు, చిన్న డబ్బాల్లో అది పట్టదు.

ఏటి పక్కన అసలు చిక్కు ఏంటంటే, యాప్ చూపించే దూరం గీత గీసినట్టు తిన్నగా కొలిచింది. ఎనభై మీటర్లే కదా అని సంబరపడితే అది అవతలి ఒడ్డున ఉంటుంది, వంతెనేమో ఎక్కడో వెనకాల. అందుకే ఏ గట్టో ఇంటి దగ్గరే మ్యాప్‌లో చూసుకోండి.

ఆఖరి పది మీటర్లలో ఫోన్ జేబులో పెట్టేయండి. చెట్ల కింద బాణం అటూ ఇటూ గెంతుతూనే ఉంటుంది, దాని వెంట తిరిగితే తల తిరగడం తప్ప ఏమీ ఉండదు. పొదలకి ఎండుగడ్డి, ప్లాస్టిక్ కవర్లు ఏ ఎత్తులో చిక్కుకున్నాయో చూడండి. పోయినసారి నీళ్లు అక్కడిదాకా వచ్చాయన్నమాట, కాబట్టి ముందు అంతకన్నా పైన వెతకండి, ఆలోచించి దాచినవాళ్లెవరూ కింద పెట్టరు. చెట్టు తొర్రలు, రెయిలింగ్ లోపలి వైపు, ఎవరో పేర్చినట్టున్న రాళ్లు చూడండి. తొర్రలో చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి, పాములుంటాయి. మట్టి మాత్రం తవ్వొద్దు.

ఎవరైనా నడుచుకుంటూ వస్తే డబ్బా సంగతి వాళ్ల కంట పడకుండా షూ లేసు కట్టుకుంటున్నట్టు నటించండి, వాళ్లు దాటాక తీయండి. డబ్బాలో ఉండే కాగితం మీద మీ పేరు, తేదీ రాయండి. లోపలి వస్తువు ఏదైనా తీసుకుంటే అంత విలువైనది ఇంకోటి పెట్టాలి, తినేవి వద్దు. మూత పెట్టేటప్పుడు అంచులో గడ్డిపోచ ఇరుక్కుందేమో చూడండి, అదొక్కటి చాలు తేమ చేరి కాగితం ముద్దయిపోడానికి. డబ్బాని సరిగ్గా దొరికిన చోటే, దొరికినట్టే తిరిగి పెట్టేయండి, ఇంకా బాగా దాచేద్దామన్న తెలివి వద్దు.

దొరక్కపోయినా ఆ మాటే లాగ్‌లో రాయండి, దాచినాయన వచ్చి చూసుకుంటాడు.