రచయితల సభలకి మొదటిసారి వెళ్తున్నారా, ఇవి చూసుకోండి

బెజవాడలో ప్రపంచ తెలుగు రచయితల మహాసభలు పెడుతుంటారు కదా, 2024 డిసెంబర్ 28, 29ల్లో కేబీఎన్ కాలేజీలో జరిగాయి, అలాంటివాటికి కొత్తగా వెళ్లేవాళ్ల కోసం నాకు తెలిసింది చెప్తా. ముందు ప్రతినిధిగా పేరు నమోదు చేయించుకోండి. కవి సమ్మేళనంలో చదవాలంటే పేరు ముందే ఇచ్చేయాలి, అక్కడికెళ్లాక అడుగుదాంలే అనుకుంటే మాత్రం కష్టం. కవిత ఇరవై లైన్లు దాటనివ్వద్దు, ఇంట్లోనే ఫోన్లో టైమర్ పెట్టుకుని గట్టిగా చదివి చూసుకోండి. ఓ సభలో నా వంతు వచ్చేసరికి భోజనాలకి పిలిచేశారు, హాల్లో మిగిలింది నలుగురు, అందులో ఒకాయన కుర్చీ కింద చెప్పులు వెతుక్కుంటున్నాడు, మూడు పేజీల కవితని ముప్పావు పేజీలో ముగించి దిగొచ్చేశా.

ప్రారంభ సభలో శాలువాలు, సన్మానాలు ఎలాగూ సాగుతూనే ఉంటాయి, ఆ టైంలో పుస్తకాల స్టాళ్ల వైపు వెళ్లండి, అసలు పరిచయాలు అక్కడా భోజనాల క్యూలోనే. పెద్ద రచయిత కనబడగానే ముందుమాట రాయండి సార్ అని మీద పడిపోకండి, ఆయన కథ ఏది చదివారో చెప్పండి, మాట దానంతటదే కలుస్తుంది. మీ పుస్తకం పది కాపీలు చాలు, లోపల నంబర్ రాసివ్వండి. మిగిలినవి మోసుకురావడం ఎంత నరకమో బస్టాండులో తెలుస్తుంది.