టెక్సస్ చిల్లీ: ఇంటి గిన్నెకొక లెక్క, పోటీ కప్పుకొక లెక్క

టెక్సస్‌లో చిల్లీ అంటే మిరపకాయ కాదు, ఎండుమిరప గుజ్జులో మాంసాన్ని గంటల తరబడి ఉడికించి చేసే చిక్కటి వంటకం. దాని పూర్తి పేరు చిల్లీ కాన్ కార్నే. 19వ శతాబ్దం చివరలో శాన్ ఆంటోనియో కూడళ్లలో 'చిల్లీ క్వీన్లు' అని పేరుపడిన మహిళలు పొద్దుగూకాక బల్లలు వేసి అమ్మిన ఈ తిండిని టెక్సస్ శాసనసభ 1977లో రాష్ట్ర వంటకంగా ప్రకటించింది.

మొదలుపెట్టేముందు తెలుగువారు గుర్తుంచుకోవలసినది ఒకటుంది. అమెరికా దుకాణాల్లో 'చిల్లీ పౌడర్' అని అమ్మేది మన కారం కాదు. తక్కువ ఘాటున్న మిరపపొడిలో జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి పొడి కలిపిన మసాలా. ఒక చిల్లీ వంట విధానంలో నాలుగు చెంచాలని రాసి ఉంటే నేను ఒకసారి నాలుగు చెంచాలూ గుంటూరు కారమే వేశాను. అతిథులు మర్యాదకు రెండు ముద్దలు తిని మంచినీళ్ల గ్లాసులు పట్టుకున్నారు. ఇందులో వాడే ఆంచో అనే మెక్సికన్ ఎండుమిరప, ఘాటును కొలిచే స్కోవిల్ కొలతలో సుమారు 1,000 నుంచి 2,000 వరకు ఉంటుంది, గుంటూరు సన్నం 35,000 దాటుతుంది. అంటే ఇక్కడ మిరప రంగుకూ, చిక్కదనానికీ, ఎండుద్రాక్షను తలపించే తీపికీ వేసేదే తప్ప మంటకు కాదు. ఆంచో, గ్వహీయో అనే మరో మెక్సికన్ ఎండుమిరప దొరకని చోట బ్యాడిగి మిరప రంగును బాగానే ఇస్తుంది, ఆ తీపిని మాత్రం ఇవ్వదు.

కిలో మాంసానికి నాలుగు ఆంచోలు, ఐదు గ్వహీయోలు తీసుకొని, తొడిమలు తుంచి, గింజలు దులిపి, పొడి పెనం మీద ఒక్కొక్క వైపు పదిహేను ఇరవై సెకన్లు మాత్రమే వేయించాలి. తోలు కాస్త ఉబ్బి, కమ్మటి వాసన రాగానే తీసివేయాలి. నల్ల మచ్చ పడితే ఆ కాయను పారవేయడమే మేలు, ఎందుకంటే మాడిన మిరప చేదు ఎన్ని గంటలు ఉడికించినా పోదు. వాటిని వేడినీళ్లలో అరగంట నానబెట్టి మెత్తగా రుబ్బి, జల్లెడలో వడకట్టాలి. వడకట్టడం బద్ధకంగా అనిపిస్తుంది గానీ, పంటి కింద పడే తొక్కలు వంటనంతా పాడుచేస్తాయి.

మాంసం విషయంలో అక్కడి ఆనవాయితీ భుజం భాగపు బీఫ్, అరంగుళం ముక్కలుగా. కొవ్వూ నరాలూ ఉన్న ముక్కలే నిదానంగా ఉడికి పులుసుకు జిగిని ఇస్తాయి. బీఫ్ తిననివారు మేక భుజం మాంసంతో చేసుకోవచ్చు. ముక్కలను తడి తుడిచి, కొంచెం కొంచెంగా నూనెలో ఎర్రగా వేయించి తీసి, అదే గిన్నెలో సన్నగా తరిగిన ఉల్లిపాయ ఒకటి, ఆరు వెల్లుల్లి రెబ్బలు వేయించాలి. రెండు చెంచాల వేయించిన జీలకర్ర పొడి, చెంచాడు ఒరెగానో, మిరప గుజ్జు వేసి నూనె తేలేదాకా కలిపి, మాంసాన్ని తిరిగి వేసి, మునిగేటంత నీరు పోసి సన్నసెగ మీద రెండు గంటలు ఉంచాలి. ధనియాల పొడి, అల్లం, గరం మసాలా వైపు చెయ్యి పోతుంది. పోనివ్వకూడదు, పోనిస్తే అది మన మాంసం కూర అవుతుంది. చివరి పావుగంటలో సున్నపు నీటిలో ఉడికించిన మొక్కజొన్నల పిండి, అంటే మాసా హరీనా, రెండు చెంచాలు నీళ్లలో కలిపి పోస్తే చిక్కబడుతుంది.

టెక్సస్ దాటితే చిల్లీ రూపు మారుతుంది. ఒహైయో రాష్ట్రంలోని సిన్సినాటిలో 1922లో మాసిడోనియా నుంచి వలస వచ్చిన సోదరులు మొదలుపెట్టిన రకంలో దాల్చినచెక్క, లవంగం పడతాయి. ఖీమాను వేయించకుండా నేరుగా నీళ్లలో విడదీసి ఉడికించి స్పగెట్టీ మీద పోస్తారు. చిల్లీ వెర్దేకు పచ్చి మిరపకాయలు కాల్చి తొక్క తీసి పంది మాంసంతో వండుతారు. రాజ్మా వేసే ఇంటి రకమైతే గింజలను రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కళపెళ మరిగేలా అరగంట ఉడికించిన తర్వాతే గిన్నెలో వేయాలి. పచ్చి రాజ్మాలోని విషపదార్థం స్లో కుక్కర్ వేడికి నశించదు, వాంతులు పట్టుకుంటాయి.

పోటీలకు వేరే శాస్త్రం ఉంది. 1967లో టెక్సస్‌లోని టెర్లింగువా అనే పాడుబడిన గనుల ఊళ్లో టెక్సస్ పాత్రికేయుడు విక్ ఫౌలర్, హాస్య రచయిత హెచ్. అలెన్ స్మిత్ తలపడిన మొదటి పెద్ద పోటీ సమంగా ముగిసింది. ఆ ఊళ్లో నేటికీ ఏటా నవంబరులో పోటీలు జరుగుతాయి. అక్కడ నడిచే క్యాసీ (చిల్లీ అప్రీసియేషన్ సొసైటీ ఇంటర్నేషనల్ అనే పోటీల సంఘం) నిబంధనల ప్రకారం పచ్చి మాంసంతో మొదలుపెట్టి అక్కడికక్కడే వండాలి. చిక్కుడు గింజలు, అన్నం, పాస్తా వంటివి నిషిద్ధం. న్యాయనిర్ణేతలు చూసేవి వాసన, చిక్కదనం, ఎర్ర రంగు, రుచి, మింగాక నోట్లో మిగిలే రుచి. ఘాటుకంటూ విడిగా మార్కులు లేవు.

ఇంట్లో మనిషి గిన్నెడు తింటాడు, న్యాయనిర్ణేత చెంచాడే తింటాడు. అందుకే పోటీ చిల్లీలో ఉప్పూ జీలకర్రా ఇంటికన్నా ఒక మెట్టు ఎక్కువ పడతాయి. పోటీదారులు మసాలాను ఒకేసారి గుమ్మరించక, 'డంప్' అని పిలుచుకుంటూ రెండు మూడు విడతలుగా వేస్తారు: మొదటిది మాంసంలోకి దిగడానికి, చివరిది రుచి చూడటానికి న్యాయనిర్ణేతలకు చిల్లీ కప్పు అప్పగించే ఇరవై నిమిషాల ముందు వాసన కోసం. కంటికి కనబడే ఉల్లి ముక్కలుండకూడదు కనుక ఉల్లి, వెల్లుల్లి పొడులే వాడతారు. ఇంటి వంటలో నేనైతే వాటి జోలికి పోను. పేరు లేకుండా అంకెతోనే వెళ్లే ఆ కప్పును నింపేటప్పుడు తేలిన నూనెను గరిటెతో తీసి, ముక్కా పులుసూ సమంగా పడేలా అడుగునుంచి కలిపి పోయాలి. కప్పు అంచున కారిన ఎరుపును తడిగుడ్డతో తుడిచి మూత పెట్టాలి.